సర్వర్లు పెంచే ముందు కనెక్షన్లు లెక్కపెట్టండి

పొద్దున పదింటికి ఏసీ తత్కాల్, పదకొండింటికి నాన్ ఏసీ తెరుచుకుంటాయి. 9:59 దాకా మామూలుగా సాగే ట్రాఫిక్ గీత ఆ నిమిషంలో నిటారుగా లేస్తుంది. తిరుమల రూ.300 దర్శనం కోటా విడుదలైనా, ఈఏపీసెట్ ఫలితాలు వచ్చినా, షాపింగ్ సైట్‌లో ఫ్లాష్ సేల్ మొదలైనా గీత ఇలాగే ఉంటుంది. ఇలాంటి లోడ్ రాబోతోందని తెలియగానే చాలా టీమ్‌లు ముందుగా చేసే పని యాప్ సర్వర్లు పెంచడం. నాలుగు పాడ్‌లుంటే (పాడ్ అంటే కుబర్నెటీస్ అనే నిర్వహణ వ్యవస్థలో నడిచే యాప్ కాపీ) పన్నెండు చేస్తారు. చాలాసార్లు దానివల్లే సిస్టమ్ ఇంకా త్వరగా పడిపోతుంది. ఎందుకు పడిపోతుందో, బదులుగా ఏం చేయాలో ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణలన్నీ టామ్‌క్యాట్ (జావా యాప్ సర్వర్), స్ప్రింగ్ బూట్ (జావా ఫ్రేమ్‌వర్క్), హికారీసీపీ (కనెక్షన్ పూల్), పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్) మీద. మీరు వాడేది వేరే స్టాక్ అయితే డిఫాల్ట్ అంకెలు మారతాయి, లెక్క మాత్రం అదే.

బ్రౌజర్‌కీ డేటాబేస్‌కీ మధ్య ఉన్నదంతా ఇక్కడ మిడిల్‌వేరే: యాప్ సర్వర్, కనెక్షన్ పూల్ (డేటాబేస్‌కి ముందే తెరిచిపెట్టి, అడిగినవాళ్లకి ఇచ్చి తిరిగి తీసుకునే కనెక్షన్ల గుంపు), మెసేజ్ క్యూ (తర్వాత చేయాల్సిన పనుల వరుస), క్యాష్ (తరచూ కావలసిన డేటాని దగ్గర పెట్టుకునే చోటు). రిక్వెస్టులను చేరవేయడం దాని పని అని అందరికీ తెలుసు. లోపలికి ఒకేసారి ఎంతమందిని వదలాలో చూసుకోవడం కూడా దాని పనే, నా దృష్టిలో అదే పెద్ద పని. పెళ్లి భోజనాల్లో బంతికి వందమందే కూర్చుంటారు. మిగతావాళ్లు బయట ఆగితేనే వడ్డించేవాళ్లకి నడవడానికి దారి ఉంటుంది. అందరినీ ఒకేసారి లోపలికి వదిలితే ఎవరి ఆకులోకీ అన్నం రాదు.

మన రైల్వే రిజర్వేషన్ చరిత్రలో ఇది బాగా కనిపిస్తుంది. రైల్వే ఐటీ సంస్థ క్రిస్ తయారుచేసిన కాన్సర్ట్ అనే రిజర్వేషన్ సాఫ్ట్‌వేర్ మొదట నడిచింది సికింద్రాబాద్‌లో, 1994లో. 1999 నాటికి ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలు ఐదింటినీ కలిపేశారు. మధ్యలో ఉన్న మిడిల్‌వేర్ రిలయబుల్ ట్రాన్సాక్షన్ రూటర్, డిజిటల్ అనే కంప్యూటర్ కంపెనీది, ఓపెన్‌వీఎంఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచేది. ఒక్కో రైలు డేటా ఒక్కో కేంద్రంలో ఉంటుంది. ఏ ఊరి కౌంటర్‌లో అడిగినా లావాదేవీ ఆ రైలున్న కేంద్రానికే వెళుతుంది. 2002లో ఇంటర్నెట్ బుకింగ్ వచ్చి దీనికి ముందు ఇంకో పొర చేరింది. 2014లో కొత్త ఈ-టికెటింగ్ వ్యవస్థ తెచ్చినప్పుడు నిమిషానికి 2,000గా ఉన్న సామర్థ్యం 7,200 టికెట్లకి పెరిగిందని ప్రకటించారు. 2025 మే 22న ఒక్క నిమిషంలో 31,814 టికెట్లు బుక్ అయ్యాయి.

31,814ని అరవైతో భాగిస్తే సెకనుకు 530. సెకనుకు 530 కమిట్‌లంటే (కమిట్ అంటే లావాదేవీని డేటాబేస్‌లో ఖాయం చేయడం) ఇవాళ్టి ఒక మంచి డేటాబేస్ మెషీన్‌కి పెద్ద బరువేం కాదు. కష్టం రెండు చోట్ల ఉంది. ఆ 530 మంది వెనక, టికెట్ దొరక్క మళ్లీ మళ్లీ నొక్కుతున్నవాళ్లు, సీట్లున్నాయా అని చూస్తున్నవాళ్లు ఎన్నో రెట్లు ఉంటారు. పైగా వాళ్లలో చాలామంది పడేది అవే కొన్ని రైళ్ల మీద.

పూల్ లెక్క

1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం ఒక్కటి చేతిలో ఉంటే సగం పని అయిపోతుంది. సెకనుకి వచ్చే రిక్వెస్టులను, ఒక్కో రిక్వెస్ట్ లోపల ఉండే సమయంతో గుణిస్తే ఏ క్షణాన చూసినా లోపల ఎంతమంది ఉంటారో వస్తుంది. సెకనుకు 400 ఆర్డర్లు, ఒక్కోటి డేటాబేస్ కనెక్షన్‌ని 20 మిల్లీసెకన్లు పట్టుకుంటే 400 × 0.02 = 8. సగటున ఎనిమిది కనెక్షన్లు పనిలో ఉంటాయి.

ఇప్పుడు అదే కోడ్‌లో ఆర్డర్ సేవ్ చేసే మెథడ్ మీద ట్రాన్సాక్షనల్ (లోపలిదంతా ఒకే లావాదేవీ) అని రాసి, ఆ మెథడ్ లోపలే పేమెంట్ గేట్‌వేకి కాల్ పెట్టారనుకోండి. గేట్‌వే జవాబుకి ఒకటిన్నర సెకను. ఆ సమయమంతా కనెక్షన్ ఖాళీగా, కానీ మన చేతిలోనే ఉంటుంది. 400 × 1.52 = 608 కనెక్షన్లు కావాలి. హికారీ డిఫాల్ట్ పది. మిగతా థ్రెడ్‌లన్నీ (ఒక్కో రిక్వెస్ట్‌ని ఒక్కో థ్రెడ్ నడుపుతుంది) 30 సెకన్లు కాచుకుని "కనెక్షన్ ఈజ్ నాట్ అవైలబుల్, రిక్వెస్ట్ టైమ్‌డ్ అవుట్ ఆఫ్టర్ 30000ఎంఎస్" అని పడిపోతాయి. లాగ్‌లో ఆ లైన్ చూడగానే పూల్‌ని వందకి పెంచేస్తారు. జబ్బు అక్కడ లేదు.

జబ్బు ఇదేనా కాదా తేల్చుకోవడానికి డేటాబేస్‌లో పీజీ_స్టాట్_యాక్టివిటీ వ్యూ తెరిచి స్టేట్ కాలమ్ చూడాలి. ఎక్కువ సెషన్లు "యాక్టివ్" అని ఉంటే డేటాబేస్ నిజంగా పనిలో ఉంది. "ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్" అని ఉంటే, యాప్ ట్రాన్సాక్షన్ తెరిచిపెట్టి ఇంకెక్కడో కాలక్షేపం చేస్తోంది. రెండో దానికి మందు మెథడ్‌ని మూడు ముక్కలు చేయడమే. చిన్న ట్రాన్సాక్షన్‌లో స్టాక్ పట్టిపెట్టి ఆర్డర్‌ని "పెండింగ్" అని రాయాలి. కనెక్షన్ వదిలేశాక గేట్‌వేకి కాల్ చేయాలి. జవాబు వచ్చాక ఇంకో చిన్న ట్రాన్సాక్షన్‌లో "కన్ఫర్మ్" అనో "ఫెయిల్" అనో రాయాలి. మధ్యలో యాప్ చచ్చిపోతే పెండింగ్‌లోనే మిగిలిన ఆర్డర్లను, గేట్‌వేని అడిగి తేల్చే జాబ్ ఒకటి నిమిషానికోసారి నడవాలి. అది లేకపోతే ఈ మూడు ముక్కల పద్ధతి అసంపూర్తి.

స్ప్రింగ్ బూట్‌లో ఓపెన్-ఇన్-వ్యూ అనే సెట్టింగ్ డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది. అది ఉంటే ఒకసారి తీసుకున్న కనెక్షన్ రిక్వెస్ట్ పూర్తయ్యేదాకా తిరిగి పూల్‌కి వెళ్లకపోవచ్చు. యాప్ స్టార్ట్ అయ్యేటప్పుడు హెచ్చరిక కూడా లాగ్‌లో వస్తుంది, చాలామంది దాటేస్తారు. ఆఫ్ చేయండి. లేజీ లోడింగ్ ఎర్రర్లు (సెషన్ మూసేశాక డేటా అడగడం వల్ల వచ్చేవి) బయటపడతాయి, వాటిని సరిచేసుకోవాల్సిందే.

ఇంకో మొండి సమస్య: ఆడిట్ లాగ్ (ఎవరు ఏం చేశారనే రికార్డు) రాయడానికి రిక్వైర్స్-న్యూ, అంటే నడుస్తున్నది ఆపి విడిగా కొత్త ట్రాన్సాక్షన్ తెరిచే సెట్టింగ్, పెట్టడం. అప్పుడు ఒక్కో థ్రెడ్‌కి ఒకేసారి రెండు కనెక్షన్లు కావాలి. పది థ్రెడ్‌లు తలా ఒకటి పట్టుకుని రెండోదాని కోసం నిలబడితే పూల్‌లో ఒక్కటీ మిగలదు, ఎవరూ కదలరు. కనీసం ఒక్కరైనా ముందుకి వెళ్లాలంటే పూల్ సైజు: థ్రెడ్‌ల సంఖ్య × (ఒక్కో థ్రెడ్‌కి కావలసిన కనెక్షన్లు − 1) + 1. పది థ్రెడ్‌లకి 11. టామ్‌క్యాట్ డిఫాల్ట్ 200 థ్రెడ్‌లకైతే 201. అంత పూల్ పెట్టే బదులు ఆడిట్ లాగ్‌ని అదే ట్రాన్సాక్షన్‌లో రాయడం మేలు.

మరి పూల్ ఎంత ఉండాలి? పోస్ట్‌గ్రెస్ వాళ్లు చెప్పిన, హికారీ వాళ్లు ప్రచారంలోకి తెచ్చిన మొదటి అంచనా: కోర్‌ల సంఖ్య × 2 + డిస్క్‌ల సంఖ్య. డేటాబేస్‌కి 8 కోర్‌లుంటే 17 చుట్టూ మొదలుపెట్టి కొలుచుకుంటూ మార్చుకోవాలి. ఈ 17 మొత్తం డేటాబేస్‌కి, ఒక్కో పాడ్‌కి కాదు. దీన్ని తప్పుగా చదివేవాళ్లు ఎక్కువ. పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి కనెక్షనూ ఒక ప్రాసెస్. ఎనిమిది కోర్‌ల మీద మూడు వందల ప్రాసెస్‌లు ఒకేసారి యాక్టివ్‌గా ఉంటే సీపీయూ వాటి మధ్య మారడంలోనే అరిగిపోతుంది, లాక్‌ల (ఒకరు రాస్తుండగా మరొకరు మార్చకుండా వేసే తాళాలు) కోసం తోపులాట పెరుగుతుంది, ఒక్కో క్వెరీ నెమ్మదించి లాక్‌లను ఇంకా ఎక్కువసేపు పట్టుకుంటుంది.

ఇక పాడ్‌లు పెంచితే ఏమవుతుందో అంకెల్లో చూద్దాం. పోస్ట్‌గ్రెస్ మ్యాక్స్_కనెక్షన్స్ డిఫాల్ట్ 100, అందులో 3 సూపర్‌యూజర్‌కి కేటాయింపు. యాప్‌కి 97. తొమ్మిది పాడ్‌లు, ఒక్కోదానికి హికారీ డిఫాల్ట్ పది అంటే 90, సరిపోయాయి. నెలల తరబడి అలాగే నడుస్తుంది. ఒకరోజు కొత్త వెర్షన్ డిప్లాయ్ చేస్తారు. కుబర్నెటీస్ రోలింగ్ అప్‌డేట్ (పాత పాడ్‌ల స్థానంలో కొత్తవి విడతలుగా పెట్టడం) డిఫాల్ట్‌గా 25 శాతం అదనపు పాడ్‌లు లేపుతుంది: 2.25ని పైకి సవరిస్తే మూడు. పన్నెండు పాడ్‌లు, 120 కనెక్షన్లు. హికారీలో మినిమమ్-ఐడిల్ (ఖాళీగా తెరిచి ఉంచాల్సిన కనెక్షన్ల సంఖ్య) విడిగా ఇవ్వకపోతే గరిష్ఠ సైజుకే సమానం, కాబట్టి ట్రాఫిక్ లేని పాడ్ కూడా పదీ తెరిచి కూర్చుంటుంది. పోస్ట్‌గ్రెస్ ఇక కొత్త కనెక్షన్లు ఇవ్వదు, "సారీ, టూ మెనీ క్లయింట్స్ ఆల్రెడీ" లాంటి ఎర్రర్లు వస్తాయి. కొత్త కోడ్‌లో బగ్ ఉందనుకుని పాత వెర్షన్‌కి రోల్‌బ్యాక్ చేస్తారు, ఆ రోల్‌బ్యాక్ కూడా మరో రోలింగ్ అప్‌డేటే. ఆటోస్కేలింగ్ (లోడ్‌ని బట్టి పాడ్‌లు వాటంతటవే పెరగడం) కూడా ఇదే దారిలో దెబ్బ కొడుతుంది: డేటాబేస్ నెమ్మదిస్తే రిక్వెస్టులు పేరుకుంటాయి, పాడ్‌లు పెరుగుతాయి, డేటాబేస్ ఇంకా నెమ్మదిస్తుంది.

పాడ్‌లు ఎక్కువ అవసరమైన చోట మధ్యలో పీజీబౌన్సర్ (పోస్ట్‌గ్రెస్ ముందు నిలబడి కనెక్షన్లు పంచే ప్రోగ్రామ్) పెట్టి ట్రాన్సాక్షన్ మోడ్‌లో, అంటే ఒక్కో ట్రాన్సాక్షన్ వరకే కనెక్షన్ ఇచ్చేలా, నడపండి. యాప్ వైపు వందల కనెక్షన్లున్నా డేటాబేస్ వైపు ఇరవైతో సరిపెడుతుంది. దాని మ్యాక్స్_క్లయింట్_కాన్ (యాప్ వైపు కనెక్షన్ల పరిమితి) డిఫాల్ట్ కూడా 100, అది పెంచడం మరచిపోవద్దు. సెషన్‌కి అంటుకుని ఉండేవి ఈ మోడ్‌లో పనిచేయవు: సెషన్ స్థాయి అడ్వైజరీ లాక్‌లు, లిజన్, ట్రాన్సాక్షన్ బయట పెట్టే సెట్ కమాండ్‌లు. ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్‌లకి (ముందే సిద్ధం చేసి మళ్లీ మళ్లీ వాడే క్వెరీలు) 1.21 వెర్షన్ నుంచి మద్దతు వచ్చింది, అంతకు పాతదైతే జేడీబీసీ డ్రైవర్‌లో ప్రిపేర్-త్రెషోల్డ్‌ని సున్నా చేయాలి.

జావా 21తో వచ్చిన వర్చువల్ థ్రెడ్‌ల (ఎన్నయినా పుట్టించగల తేలికపాటి థ్రెడ్‌లు) గురించి ఒక మాట. టామ్‌క్యాట్‌లో 200 థ్రెడ్‌ల పరిమితి చాలామందికి అడ్డుగా కనిపిస్తుంది, కానీ లోపలి వ్యవస్థలకి అదే కాపలా. వర్చువల్ థ్రెడ్‌లు ఆన్ చేస్తే ఆ కాపలా పోతుంది. బయటి సర్వీసులకి వెళ్లే ప్రతి కాల్ ముందూ ఒక సెమఫోర్ (ఒకేసారి ఇన్ని కాల్స్‌కే అనుమతి ఇచ్చే హద్దు) పెట్టుకోవాలి.

ఒకే రో మీద అందరూ

పూల్ సరిచేశాక అసలు గోడ ఇక్కడ తగులుతుంది. రైలు వారీగా డేటాని విడగొడితే ఐదు కేంద్రాలు ఐదు రెట్లు మోస్తాయి. కానీ అందరికీ కావలసింది ఒకే రైలైతే విభజన వల్ల ఒరిగేదేమీ లేదు. ఫ్లాష్ సేల్‌లో ఒకే ఫోన్ మోడల్ అయినా అంతే. స్టాక్ రోని (డేటాబేస్ పట్టికలో ఆ వస్తువు వరుసని) అప్‌డేట్ చేసిన క్షణం నుంచి కమిట్ అయ్యేదాకా దాని లాక్ ఒక్క ట్రాన్సాక్షన్ దగ్గరే ఉంటుంది. ఆ వ్యవధి 10 మిల్లీసెకన్లయితే ఆ వస్తువుకి సెకనుకు వంద ఆర్డర్లే. వంద పాడ్‌లున్నా వందే.

కాబట్టి ఆ పది మిల్లీసెకన్లు ఎక్కడ ఖర్చవుతున్నాయో విప్పి చూడాలి. మామూలు కోడ్ ఇలా ఉంటుంది: సెలెక్ట్ ఫర్ అప్‌డేట్‌తో స్టాక్ రోని లాక్ చేసి చదవడం, యాప్‌లో పోల్చడం, తగ్గించి రాయడం, ఆర్డర్ ఇన్సర్ట్, ఆర్డర్ ఐటమ్స్ ఇన్సర్ట్, కమిట్. లాక్ పడ్డాక నాలుగు రౌండ్ ట్రిప్‌లు (యాప్ నుంచి డేటాబేస్‌కి వెళ్లి రావడాలు). యాప్, డేటాబేస్ వేర్వేరు జోన్‌లలో ఉండి ఒక్కో ట్రిప్‌కి 2 మిల్లీసెకన్లు పడితే ఎనిమిది నెట్‌వర్క్‌కే పోయాయి. కమిట్‌లో డిస్క్‌కి రాసే సమయం, సింక్రనస్ రెప్లికా (వెంటవెంటనే రాసుకునే రెండో కాపీ) ఉంటే దాని జవాబు కోసం ఆగే సమయం కూడా లాక్ ఖాతాలోకే వస్తాయి.

వరుస తిప్పితే చాలు, పెద్ద తేడా వస్తుంది. ఆర్డర్, ఐటమ్స్ ముందు ఇన్సర్ట్ చేయండి. స్టాక్‌ని చివర్లో ఒకే స్టేట్‌మెంట్‌తో తగ్గించండి: స్టాక్ సున్నా కంటే ఎక్కువ ఉంటేనే ఒకటి తగ్గించు అనే షరతుని వేర్ క్లాజ్‌లోనే పెట్టి, ఎన్ని రోలు మారాయో చూడండి. ఒకటైతే కమిట్, సున్నా అయితే రోల్‌బ్యాక్ (రాసిందంతా రద్దు). లాక్ పడ్డాక మిగిలింది కమిట్ ఒక్కటే. స్టాక్ అయిపోయిన తర్వాత వచ్చేవాళ్ల ఇన్సర్ట్‌లన్నీ వృథా అవుతాయి కాబట్టి, "అయిపోయింది" అనే జెండాని క్యాష్‌లో పెట్టి వాళ్లని ముందే వెనక్కి పంపాలి.

అది కూడా చాలకపోతే వెయ్యి వస్తువుల స్టాక్‌ని వందేసి చొప్పున పది రోలుగా విడగొట్టండి. యాప్ ఏదో ఒక రోని ఎంచుకుని తగ్గిస్తుంది, అది ఖాళీ అయితే పక్కది చూస్తుంది. స్టాక్ చివరికొచ్చేసరికి ఖాళీ రోలే ఎక్కువ తగులుతాయి, అప్పుడు మిగిలినవాటిని ఒకటిగా కలిపేయాలి. సీట్ల లాగా ఒక్కో వస్తువుకీ సొంత నంబరుంటే స్కిప్ లాక్డ్ ఇంకా బాగుంటుంది. పోస్ట్‌గ్రెస్‌లో 9.5 నుంచి, మైఎస్‌క్యూఎల్‌లో 8.0 నుంచి ఉంది. ఎవరో పట్టుకున్న రోని దాటేసి తర్వాతిది ఇస్తుంది.

టైమ్‌అవుట్, రీట్రై

టైమ్‌అవుట్ అంటే ఎంతసేపు ఆగి వదిలేయాలన్న హద్దు, రీట్రై అంటే మళ్లీ ప్రయత్నించడం. డిఫాల్ట్‌గా ఎంజిన్‌ఎక్స్ (యాప్ ముందుండే వెబ్ సర్వర్) 60 సెకన్లు ఆగుతుంది, హికారీ 30. తత్కాల్ వేళ యూజర్ పది సెకన్లు కూడా ఆగడు, రిఫ్రెష్ కొడతాడు. అతను వదిలేసిన పాత రిక్వెస్ట్ మాత్రం లోపల క్యూలో నిలబడి, వంతు వచ్చాక పూర్తిగా నడిచి, ఎవరూ చూడని జవాబు తయారుచేస్తుంది. లోడ్ ఎక్కువైన సిస్టమ్ చేసే పనిలో పెద్ద వాటా ఇలాంటిదే. బయటి పొరకన్నా లోపలి పొర టైమ్‌అవుట్ ఎప్పుడూ చిన్నదిగా ఉండాలి. బయటి గేట్‌వే (ఎంజిన్‌ఎక్స్ లాంటిది, పేమెంట్‌ది కాదు) 5 సెకన్లు, యాప్ 4, స్టేట్‌మెంట్ టైమ్‌అవుట్ 2, పూల్ దగ్గర కాచుకోవడం అర సెకను. హికారీ 250 మిల్లీసెకన్ల దాకా తగ్గించనిస్తుంది. అర సెకనులో కనెక్షన్ దొరకకపోతే వెంటనే 503 (సర్వీసు ఇప్పుడు అందుబాటులో లేదు) ఇచ్చి పంపేయడం యూజర్‌కీ మంచిదే.

రీట్రై ఒక్క పొరలోనే ఉండాలి. మూడు పొరల్లో మూడేసి ప్రయత్నాలుంటే అట్టడుగున 27 కాల్స్ పడతాయి, అదీ ఆ సర్వీసు పడిపోతున్న సమయంలో. రీట్రైల మధ్య విరామం కొంచెం యాదృచ్ఛికంగా ఉండాలి, లేకపోతే అన్నీ కలిసి ఒకే క్షణాన తిరిగొస్తాయి. "డబ్బు కట్ అయింది, టికెట్ రాలేదు" అనే ఫిర్యాదులు పుట్టేది కూడా టైమ్‌అవుట్ దగ్గరే. టైమ్‌అవుట్ అంటే ఫెయిల్ అని కాదు, ఏమైందో తెలియదని. అందుకే ప్రతి ఆర్డర్‌కీ క్లయింట్ దగ్గరే ఒక కీ పుట్టించి, ఆ కీ కాలమ్ మీద యూనిక్ కన్‌స్ట్రెయింట్ (ఒకే విలువ రెండుసార్లు రాకుండా డేటాబేస్ ఆపే నియమం) పెట్టండి. రెండోసారి అదే కీ వస్తే పాత జవాబే ఇవ్వాలి. "ముందు ఉందో లేదో చూసి తర్వాత రాస్తాం" అనే కోడ్ రెండు రిక్వెస్టులు ఒకేసారి వచ్చినప్పుడు ఆగదు. కన్‌స్ట్రెయింట్ ఆపుతుంది.

క్యూ పెడితే సరిపోతుందా

ఈమెయిల్, ఇన్వాయిస్, లాయల్టీ పాయింట్లు లాంటివి క్యూలోకి నెట్టేయడం సరైన పనే. అయితే కాఫ్కా అనే మెసేజింగ్ సాఫ్ట్‌వేర్‌లో క్యూ పార్టిషన్లుగా విడిపోయి ఉంటుంది, ఒక కన్స్యూమర్ గ్రూప్‌లో (కలిసి చదివే ప్రోగ్రామ్‌ల గుంపు) పార్టిషన్‌కి ఒక్క కన్స్యూమరే. ఆరు పార్టిషన్లుంటే ఇరవై కన్స్యూమర్లు పెట్టినా పద్నాలుగు ఖాళీగా కూర్చుంటాయి. ఒక్క పోల్‌లో (ఒకసారి అడిగి తెచ్చుకోవడంలో) గరిష్ఠంగా 500 రికార్డులు, రెండు పోల్‌ల మధ్య గరిష్ఠ వ్యవధి ఐదు నిమిషాలు, రెండూ డిఫాల్ట్‌లు. ఒక్కో ఇన్వాయిస్‌కి 700 మిల్లీసెకన్లు పడితే 500కి 350 సెకన్లు. ఐదు నిమిషాలు దాటగానే ఆ కన్స్యూమర్ చచ్చిందనుకుని దాని పార్టిషన్లు వేరేవాళ్లకి ఇచ్చేస్తారు, వాళ్లు అవే 500 మళ్లీ మొదలుపెడతారు, వాళ్లకీ అదే గతి. ల్యాగ్ (ఇంకా చదవాల్సిన బకాయి) తగ్గదు, కస్టమర్‌కి ఒకే ఇన్వాయిస్ నాలుగుసార్లు వెళుతుంది. రికార్డుల సంఖ్యని 100కి దించితే ఆగిపోతుంది.

యాప్ లోపలి క్యూలు ఇంకా ప్రమాదం, ఎందుకంటే కనబడవు. జావాలో న్యూ-ఫిక్స్‌డ్-థ్రెడ్-పూల్ వెనక ఉన్న క్యూకి హద్దు లేదు. స్ప్రింగ్ బూట్ ఇచ్చే అసింక్ ఎగ్జిక్యూటర్‌కి (పనుల్ని వెనక నడిపే థ్రెడ్‌ల గుంపు) కోర్ సైజు 8, క్యూకి హద్దు లేదు. మ్యాక్స్ సైజు 50 అని రాసినా ఆ 50 ఎప్పటికీ రాదు, ఎందుకంటే క్యూ నిండితేనే కొత్త థ్రెడ్ పుడుతుంది, హద్దు లేని క్యూ నిండదు. క్యూ కెపాసిటీ తప్పకుండా రాయండి, నిండితే ఏం చేయాలో కూడా రాయండి.

లోడ్ టెస్ట్

జేమీటర్ అనే లోడ్ టెస్ట్ టూల్‌లో వంద థ్రెడ్‌లు పెట్టి పరీక్షించి సంతోషపడేవాళ్లున్నారు. ఆ వంద "యూజర్లు" జవాబు వచ్చాకే తర్వాతి రిక్వెస్ట్ పంపుతారు. జవాబు 100 మిల్లీసెకన్లలో వస్తే సెకనుకు వెయ్యి రిక్వెస్టులు. వంద సెకన్ల టెస్ట్‌లో సర్వర్ పది సెకన్లు బిగుసుకుపోయిందనుకోండి. టూల్ దగ్గర 90,000 వేగవంతమైన కొలతలు, వంద మాత్రం నెమ్మదివి. 99వ పర్సంటైల్ (వందలో 99 రిక్వెస్టులు ఇంతలోపే పూర్తయ్యాయనే అంకె) 100 మిల్లీసెకన్లే చూపిస్తుంది. అసలు జనం మన సర్వర్ బాగోగులు చూసి ఆగరు, ఆ పది సెకన్లలో ఇంకో పదివేల మంది వచ్చి ఉండేవాళ్లు. ఈ లోపానికి కోఆర్డినేటెడ్ ఒమిషన్ అని పేరుపెట్టింది గిల్ టెనే. కే6లో కాన్‌స్టంట్ అరైవల్ రేట్, గాట్లింగ్‌లో ఓపెన్ మోడల్, లేదా డబ్ల్యూఆర్‌కే2 వాడితే జవాబుతో సంబంధం లేకుండా నిర్ణీత వేగంతో రిక్వెస్టులు వెళతాయి.

ఎంత లోడ్ దగ్గర ఆపాలో కూడా ముందే అనుకోండి. ఒకే క్యూ, ఒకే సర్వర్ అనుకుని సుమారుగా లెక్కేస్తే, 20 మిల్లీసెకన్ల పని 50 శాతం వినియోగం దగ్గర 40 అవుతుంది, 80 దగ్గర 100, 90 దగ్గర 200, 95 దగ్గర 400. అందుకే 70 శాతం దాటి ప్లాన్ చేయకూడదని నేనంటాను. పదింటికి లేచే గీతకి ఆటోస్కేలింగ్ అందదు: కుబర్నెటీస్ పదిహేను సెకన్లకోసారి చూస్తుంది, పాడ్ లేవాలి, జావా వేడెక్కాలి, అప్పటికి కోటా అయిపోతుంది. 9:45కే పాడ్‌లు లేపి, వాటికి కొంత డమ్మీ ట్రాఫిక్ ఇచ్చి ఉంచాలి. పాడ్‌కి ఒక్క సీపీయూ ఇస్తే జేవీఎం (జావాని నడిపే ఇంజిన్) సీరియల్ జీసీని, అంటే ఒకే థ్రెడ్‌తో మెమరీ శుభ్రం చేసే పద్ధతిని, ఎంచుకుంటుంది. హీప్ (జావా వాడుకునే మెమరీ) సైజు రాయకపోతే కంటైనర్ మెమరీలో పావు వంతే తీసుకుంటుంది. 2 జీబీ ఇచ్చి 512 ఎంబీతో నడుపుతున్న పాడ్‌లు ఎన్నో.

టెస్ట్ జరుగుతున్నంతసేపూ హికారీ పెండింగ్ సంఖ్య (కనెక్షన్ కోసం కాచుకున్న థ్రెడ్‌లు), కనెక్షన్ దొరకడానికి పట్టిన సమయం, డేటాబేస్‌లో యాక్టివ్, ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ సెషన్లు, జీసీ విరామాలు, కాఫ్కా ల్యాగ్ ఒకే టైమ్‌లైన్ మీద పెట్టుకోండి. సామర్థ్యానికి రెట్టింపు లోడ్ రెండు నిమిషాలు ఇచ్చి, మళ్లీ మామూలుకి దించి, ఇంకో పది నిమిషాలు నడపండి. లోడ్ దిగిన నిమిషంలో పెండింగ్ సున్నాకి రావాలి. రాకపోతే ముందు రీట్రైలు ఆపి చూడండి. అప్పటికీ దిగకపోతే హీప్ డంప్ (ఆ మెమరీలో ఉన్నదాని నకలు) తీసి అందులో అన్నిటికంటే పెద్ద లింక్‌డ్-బ్లాకింగ్-క్యూ (పైన చెప్పిన హద్దు లేని క్యూ) ఎవరి చేతిలో ఉందో వెతకండి.